జత

ఎస్పీ రోడ్డులో, మూడో అంతస్తు కొట్టులో
కుర్చీని సరిగ్గా మధ్యకి జరిపి
"కూర్చోండి మేడమ్, పాటొచ్చి మీ ముక్కు ముందు నిలబడుతుంది" అన్నాడు కుర్రాడు.
నిలబడలేదు.
ఎడం పక్కనే గోడకానుకుని ఉండిపోయింది.
గవదబిళ్ళలొచ్చిన ఏడాది నుంచీ
నా కుడిచెవి కమ్మ పెట్టుకోడానికే.

"ఒక్కటే ఇవ్వకూడదూ?"
"జత విడదియ్యం మేడమ్."
చెప్పుల కొట్టువాడి మొహం పెట్టాడు.

లేచెళ్ళి నల్లజాలీ మీద అరచెయ్యి ఆనించాను.
అప్పుడు దొరికింది,
పక్కింట్లో ఎవరో రోట్లో పసుపు దంచుతున్నట్టు.

ఇంట్లో నాదీ మూడు ముక్కల సంసారమే.
స్నేర్ మీద పాత తువ్వాలు,
బేస్ డ్రమ్ కడుపులో దిండు,
అంచు సొట్టపోయిన సింబల్.
బ్యాంకులో ముప్పయ్యేళ్ళు పైసా తేడా రానిదాన్ని
నాలుగు దాకా లెక్కపెట్టలేక చెమటలు కక్కుతున్నాను.
లింగరాజపురం నుంచి డెన్జిల్ మాస్టారు
శనివారం శనివారం వస్తారు.
"చెవితో కాదమ్మా, మడమతో లెక్కపెట్టు."
ఆయనకి నా చెవి సంగతి చెప్పనే లేదు.

ఆటోలో రెండు అట్టపెట్టెలు, మధ్యలో నేను.
ఒకటి కిటికీ పక్కన పెట్టాను, వచ్చేపోయేవాళ్ళ కోసం.
రెండోదాన్ని వెల్లకిలా పడుకోబెట్టి
డ్రమ్ముల స్టూలు కిందకి తోశాను.
ఆ కుర్రాడు చూస్తే ఏడుస్తాడు.
పాట వెన్నుపూసలెక్కి వస్తోంది.

ఈ సాయంత్రం,
ఎప్పుడూ తొందరపడి పడిపోయే నాలుగో దెబ్బ
ఆగింది.
ఆగి, తన చోట్లో పడింది.

కింది వాటా జయశీలమ్మ
చీపురు కర్రతో కప్పు పొడిచింది.
అరికాళ్ళకి తెలిసింది:
తాళంలోనే పొడిచింది.