పంటు మీద పేర్రాజు

నరసాపురం రేవులో పంటు ఎక్కాం.
నా భుజాన నలభై పుస్తకాల కట్ట,
పేర్రాజు భుజాన శాలువా.
అక్కడెవరూ కప్పకపోతే బాగోదని
ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాడు.

"ఈయన నాతో వచ్చిన కవి"
అని టిక్కెట్ల కుర్రాడికి పరిచయం చేశాడు.
వాడు కట్టని కాలితో తట్టి
"లగేజీకి పది" అన్నాడు.
వశిష్ఠ నిండా ఎండ, పక్కన రొయ్యల బుట్టలు.
సఖినేటిపల్లి దిగేదాకా
ఏటికి వీపు పెట్టి
ఉపన్యాసం వల్లించుకున్నాడు పేర్రాజు.

రాజోలు గ్రంథాలయంలో తొమ్మిది మంది,
అందులో ఒకాయన పేపరు కోసం వచ్చాడు.
పేర్రాజు గంటంబావు మాట్లాడాడు,
తన బాల్యం గురించి,
తనకి రావలసిన సన్మానం గురించి.
చివర్న నా పేరు. అదీ తప్పు.

నేను లేచేసరికి కరెంటు పోయింది.

చీకట్లో ఎవరిదో ఫోను వెలిగింది.
పేజీ మీద తెల్లటి గుండ్రం,
దాన్ని పట్టుకున్న చెయ్యి,
వేలికి పగడపుటుంగరం.
ఐదు కవితలు చదివాను.
చెయ్యి వణికింది గాని దిగలేదు,
దోమ వాలినా.

పొద్దున్న అమలాపురం బస్సులో
పక్క సీటాయనకి చెబుతున్నాడు:
"రాత్రి సభలో వెలుగంతా నాదేనండి."

నిజమే, కాదనలేను.
రెండు టిక్కెట్లూ నేనే తీశాను.