ఐదు వోల్టుల మీద ఇంకొంచెం

ఎర్రగడ్డ ఆదివారం సంతల
మూతల్లేని మిక్సీ గిన్నెల పక్కన
తొమ్మిది పుల్లలు దొరికినయి.
వేలెడంత పొడుగు, వీపుకు అల్యూమినియం రెక్కలు.
"పెన్‌డ్రైవులు కావు కాకా, పైసలు తవ్వే మిషన్లు" అన్నడు
పట్టా మీద కూసున్న పిలగాడు.
అన్నంక వానికే నవ్వొచ్చింది.
మూడొందల యాభైకి తొమ్మిదీ ఇచ్చిండు.

బోరబండల మూడో అంతస్తు నా గది. మీద రేకు.
పగలు లిఫ్టులు బాగుచేస్త.
మందిని మోసే తాళ్లకు గ్రీజు రాసి
ఇంటికొచ్చి మెట్లెక్కుత.

హబ్బుకు గుచ్చితే నాలుగు మిణుకుమన్నయి.
ఐదోది పెట్టంగనే అన్నీ మొకం మాడ్చుకున్నయి.
ఆకలి. ఇంకేం లేదు.
ఒక్క గంజి గిన్నె, తొమ్మిది నోర్లు.
పాత కంప్యూటర్ సప్లై డబ్బ విప్పి
ఎర్ర వైరు, నల్ల వైరు గుంజి
హబ్బు కడుపుల టంకం పెట్టిన.
పొగ కండ్లల్లకు వొయింది.
సన్న వైరైతే కాలుతది, లావుది వెయ్యాలె.
గీ ముచ్చట మా ఉస్తాద్ ఖుద్దూస్ సాబ్
లిఫ్టు గుంతల నిలవడి ఎన్నడో చెప్పిండు:
"కరెంట్‌కు రాస్తా దే బేటా,
నైతో ఖుద్ బనా లేతా."

ఒక్కో పుల్లకు నువ్వు గింజంత స్క్రూ ఉంటది.
గడియారాల పేచ్‌కస్‌తోని తిప్పాలె, ఊపిరి బిగవట్టి.
ఇంత తిప్పితే ఇంత బలం.
ఇంత బలానికి ఇంత జోరు.
ఇంత జోరుకు ఇంత సెగ.
ఎటు నుంచి మొదలువెట్టినా లెక్క
సెగ కాడికే వచ్చి కూసుంటది.

మే నెల నాలుగో తారీఖు ఒకటి సచ్చిపోయింది.
చింతగింజ మాడిన వాసన.
దాన్ని పారెయ్యబుద్ధి గాలె, కిటికీల పెట్టిన.
మిగిలిన ఎనిమిదింటికి రెక్కలు ఊడదీసి
తమలపాకుకు సున్నం రాసినట్టు
సన్నగ పేస్టు రాసి మల్ల అతికిచ్చిన.
షాబాదు బండ మీద వరుసగ నిలవెట్టి
నీళ్ల సీసా కోసి గాలికి గొట్టం చేసి
ఒక చిన్న ఫ్యాను ఇటు, ఒకటి అటు.
ఇటుది ఊదాలె, అటుది గుంజాలె.
రెండూ ఊదితే గాలి నడుమల కొట్లాడి సస్తది,
అది తెలుసుకునేసరికి వారం పట్టింది.

తడి వేలు ఆనిస్తే సుయ్‌మనలేదు.
ఆ రాత్రి రేకు కింద నేనొక్కన్నే ఉడికిన.

నెలంత తవ్వితే పదకొండు పైసలు.
సబ్‌మీటర్ల రెండొందల అరవై.
ఓనరు చంద్రకళమ్మ తలుపుకాడ నిలవడి
"గుయ్‌మంటనే ఉంటది, ఏం పెంచుతున్నవ్ రా లోపట?" అంటది.
ఏమని చెప్పాలె?
రాత్రి రెండింటికి ఒక పచ్చ లైటు
ఎవనితోనో పందెం గెలిచినట్టు ఒక్కసారి మెరుస్తది.
అది చూసెనంక పండుకుంట.
గింతే అని చెప్తే నవ్వుతది.
"లిఫ్టు పని" అన్న.

డిసెంబర్ల బోరబండ గుట్ట మీద చలి
రేకు నుంచి చుక్కచుక్క దిగుతది.
చంద్రకళమ్మ ఇడ్లీ పిండి మూడొద్దులైనా పొంగలె.
గిన్నె సంకల పెట్టుకొని వచ్చింది.
"నీ గదిల వెచ్చగుంటదట గద," అన్నది,
ఎవలు చెప్పిన్రో తెల్వదు.

ఫ్యాన్లు బందు చేసిన.
పీట వేసి, ఎనిమిదింటి నెత్తి మీద
స్టీలు గిన్నె పెట్టినం.
తెల్లారి చూస్తే మూత లేచి పక్కకు ఒరిగింది,
పిండి అంచు దాటి షాబాదు బండ మీదికి కారుతున్నది.
పులుపు జర ఎక్కువైంది.

ఆ రాత్రి పేచ్‌కస్ తీసి
ఒక్కొక్క నువ్వు గింజను
కొంచెం వెనక్కు తిప్పిన.
పిండికి గంత జోరు వద్దు.