ఓజుర్గేతి, ఐదో తరగతి

బస్సు దిగినప్పుడు వాన.
తొమ్మిదో రోజుకీ అదే వాన.
దుకాణాల బోర్డుల మీద అక్షరాలు
మన అక్షరాలకు మేనత్త పిల్లల్లా గుండ్రంగా,
చుట్టరికం ఉన్నట్టే నవ్వుతాయి,
ఒక్కటీ నోటికి చిక్కదు.

తరగతిలో కట్టెల పొయ్యి,
దాని పక్క బెంచీ కోసం రోజూ కొట్లాట.
బోర్డు మీద మీసాలాయన్ని గీసి
‘ఫాదర్’ అన్నాను.
‘మామ!’ అని అరిచాయి ఇరవై రెండు గొంతులు.
కాదర్రా, మామంటే అమ్మ తమ్ముడు
అనబోయి, ఏ భాషలో అనాలో తెలియక
సుద్దముక్క చేతులు మార్చుకున్నాను.
ఇక్కడ నాన్నే మామ.

‘ది’ ఎక్కడ పెట్టాలి టీచర్, అంటాడు దెమెత్రె.
వాడి భాషలో లేదది, నా భాషలోనూ లేదు.
కరెంటు పోయిన ఇంట్లో
ఎవరిదో చెప్పు వెతికినట్టు
ఇద్దరం తడుముకుంటాం.

రాత్రి ఇంటావిడ ఎతేరి
రొట్టె తుంచి నా చేతిలో పెట్టి
చెవిటివాళ్లకు చెప్పినట్టు గట్టిగా
‘పూరి’ అంది.
నవ్వాగలేదు.
పుట్టినప్పట్నుంచీ వచ్చిన మాటే కదా అని
ధీమాగా నేనూ అన్నాను.
తప్పట.
‘ప’ గొంతులో ఎక్కడో చిట్లాలట.
తినబోతుంటే చెయ్యి పట్టుకుని
మళ్లీ చెప్పించింది.