సుమారుగా

ఆదివారం పొద్దున రాసిన గ్రాండ్ టెస్టుకి
సాయంత్రానికల్లా నాలుగొందల ముప్పై ఎనిమిది.
ఒంగోలు హాస్టల్లో మెట్ల కింద గోడకి
జాబితా అంటించి పోయాడు వాచ్‌మన్.
ఇంకా మైదా తడి ఆరలేదు.

మస్తాన్‌బీ దగ్గర ఒక రూళ్ల పుస్తకం ఉంది.
మూడేళ్ల సీనియర్ల మార్కులు అందులో,
ఇక్కడివీ అసలు పరీక్షవీ
ఎడమొహం పెడమొహం వియ్యంకుల్లా పక్కపక్కనే.
"చివరి అయిదు టెస్టులూ కూడు, అయిదుతో భాగించు.
మన పేపరు కష్టం గనక పదిహేను కలుపు.
ఆ రోజు భయానికి ఇరవై తియ్యి.
ఫ్యాను తిరగని గదిలో పడితే ఇంకో ఆరు."
పోయినేడు ఈ మార్కుకొచ్చిన ర్యాంకు
ఈ యేడు రాదంట.
పేపరు సులువైతే అందరూ లేస్తారు,
కొత్తపట్నం దగ్గర పోటెత్తితే
తెప్పలన్నీ ఒక్కసారే లేచినట్టు.
"మార్కు అదే. నువ్వే కిందికి పోతావు," అంది బీ,
పెన్సిలు చెవిలో పెట్టుకుంటూ.

జువాలజీ సారు నా కాగితం చూసి
"పర్లేదమ్మా, కనీసం బీడీఎస్ వస్తుంది" అన్నాడు.
ఆ కనీసం కోసమే
రెండో యేడు ఇక్కడ నీళ్ల చారు తింటున్నానని
చెప్పలేదు.
నోరు తెరవాలంటే నాకు
ముందు చెయ్యి అడ్డం పెట్టుకోవాలి.

మాది కనిగిరి అవతల, బోరు నీళ్ల ఊరు.
అయిదో తరగతి గ్రూపు ఫొటోలో ముప్పై ఒక్క మందిమి.
పెదాలు మూసుకుని నవ్వినోళ్లు ఇరవై ఆరు.
మిగిలిన అయిదుగురిలో ఇద్దరు టీచరు పిల్లలు,
ఒకడు అసలు నవ్వనే లేదు.
ఇది అంచనా కాదు.
వేలు పెట్టి లెక్కపెట్టాను.

నూట నలభై మూడో ప్రశ్న:
పంటి మీది ఎనామిల్‌ని స్రవించే కణాలేవి?
ఒడాంటోబ్లాస్టులని దిద్దాను.
తప్పు. అవి లోపలి డెంటీన్‌వి.
రావాల్సిన నాలుగు, కోసుకున్న ఒకటి.
బీ పుస్తకం ప్రకారం
ఒక్క నల్ల చుక్క మీదుగా
మూడు వేల మంది నన్ను తొక్కుకుంటా పోయారు.

అమిలోబ్లాస్టులు, అమిలోబ్లాస్టులు,
కరెంటు పోయినాక కూడా సెల్లు వెలుగులో రాశాను.
నాకు మూడేళ్లప్పుడు
చిగుళ్ల లోపల చీకట్లో కూచుని
మా బోరు నీళ్లే తాగుతూ
చేతనైనంత చేసుంటాయి పాపం.
వాటికి ఒకటే పరీక్ష. మళ్లీ రాయడం లేదు.

తొమ్మిదింటికి అమ్మ ఫోను చేసింది.
గేదె ఈనిందట. పంచాయతీ ట్యాంకరు
ఈ వారం కూడా రాలేదట.
తమ్ముడికి ముందు పన్ను ఊడి కొత్తది మొలిచిందట.
"ఏ రంగులో ఉందే?"
అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు.
"సుమారుగా
తెల్లగానే ఉందిలే."

నేను భయానికి ఇరవై తీసేశాను.