మూడో ధార దగ్గర ఆగు

సైకిలుని గోడకి ఆన్చు, పడదులే.
ముందు ఈ మజ్జిగ తాగు, తర్వాత దారి చెప్తాను.
ఆ ఫోను లోపల పెట్టేయ్ పిల్లా,
ఈ లోయలో దానికి మా ఆడపడుచుకున్నంత తెలివి కూడా ఉండదు,
ఏది అడిగినా నేరుగా పొమ్మంటుంది.
రోదోపి కొండల్లో నేరుగా పోయేది
పొయ్యి మీది పొగ ఒక్కటే,
అదీ గాలి లేని రోజున.

వంతెన దాటాక రోడ్డు రెండవుతుంది.
నున్నగా మెరిసేది నీది కాదు, అది గనికి పోతుంది.
గని మూసేసి ఇరవై ఏళ్ళు,
రోడ్డుకి మాత్రం నిరుడే తారు పోశారు.
నువ్వు గతుకుల దారి పట్టు.
దుంగల లారీ ఎదురొస్తే దిగి పక్కకి నిలబడు, పౌరుషానికి పోకు.
స్టామెన్ మంచివాడే. వాడి బ్రేకులు కావు.

అక్కణ్ణించి తొమ్మిది కిలోమీటర్లు ఎక్కుడే.
పన్నెండు శాతం అని బోర్డుంటుంది, నమ్మకు,
అది రాసినవాడు జీపులో వచ్చాడు.
పైన్ చెట్లు రెండు పక్కలా దగ్గరికి జరిగి
పట్టపగలే మసక చేస్తాయి. బంక వాసన.
నీ ఊపిరి నీకే వినపడి
ఎవరో వెనకాల వస్తున్నారనిపిస్తుంది.
ఎవరూ రారు.
ఎలుగుబంటి వస్తే అసలు వినపడదు.

అడవి విడిచాక హాసన్ మంద, మూడు కుక్కలు.
సైకిలుని నీకూ వాటికీ మధ్య పెట్టుకుని నడువు.
రొట్టె వేస్తే తింటాయి,
తిన్నాక మళ్ళీ మొదలెడతాయి.

తర్వాతి ఊరు నీ పటంలో స్మెర్చెవో, అవునా?
పిల్లల్ని ఆ పేరుతోనే అడుగు.
మసీదు మెట్ల మీద కూర్చున్న ముసలాళ్ళని మాత్రం
చామ్‌దెరే ఎటు అని అడుగు, మెల్లగా.
మోకాళ్ళు పట్టుకుని లేచి
మలుపుదాకా నీతో నడిచొస్తారు.

ఇక్కడ ఊళ్ళకి రెండేసి పేర్లు. మనుషులకీ ఉండేవి.
నేను ఫిక్రియెని. పదిహేడేళ్ళు కాగితాల్లో ఫిదానాని.
ఒక చలికాలం ఆఫీసరు జాబితా తెచ్చి ఏరుకోమన్నాడు,
సంతలో వంకాయలు ఏరుకున్నట్టు.
మా అన్న రుఫాత్ ఏరుకోలేదు,
వాళ్ళే ఏదో ఒకటి రాసుకుపోయారు.

వాడు పోస్ట్‌మాన్. ఆకుపచ్చ సైకిలు, గేర్లు లేవు,
నువ్వు ఎక్కబోయే ఈ దారే, వారానికి నాలుగుసార్లు.
కవరు మీద ఒక పేరు, గుమ్మంలో వేసే కేక ఇంకో పేరు.
గొంతు తగ్గించేవాడు కాదు, మొత్తం ఊరికి వినపడేది.
ఒక్క ఉత్తరమూ తప్పు ఇంటికి పోలేదు.
రెండేళ్ళకి ఉద్యోగం పీకేశారు.
సైకిలు తిరిగి ఇమ్మన్నారు.
ఇవ్వలేదు. ఎక్కడ దాచాడో నాకూ చెప్పలేదు.

ఊరు దాటాక నీటి ధారలొస్తాయి, రాతి తొట్లతో.
పోయినవాళ్ళ కోసం కట్టించుకుంటాం.
మొదటిది తాగకు, పైన ఆవులుంటాయి.
రెండోది ఆగస్టుకి ఎండిపోతుంది.
మూడోది వాడిది.
పేరుండదు, వద్దని వాడే అన్నాడు.
ఒక చక్రం చెక్కించాం.
చెక్కినవాడు పుల్లలు లెక్కపెట్టుకోలేదు,
పదకొండే ఉన్నాయి, ఒకవైపు ఖాళీ.
వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది, చాలామంది పెడతారు.
సీసా నింపుకో. ఒక దోసెడు తొట్లో వదిలెయ్.

అక్కణ్ణించి దిగుడే. చేతులు బ్రేకుల మీదే ఉంచు.
సరిహద్దు గేటు ఉండేచోట ఇప్పుడు వట్టి స్తంభం.
ఒకప్పుడు మా గడ్డి మేం కోసుకోవడానికి కూడా
అక్కడ పర్మిట్ చూపించేవాళ్ళం.
దానికి ఈల వెయ్యి, ఏమీ అనదు.

బంగాళాదుంప పొలాలు కనిపించాయంటే చేరినట్టే.
నీలం తలుపున్న ఇంట్లో జెయ్‌నెప్ ఉంటుంది.
నా పేరు చెప్పు, పడక ఇస్తుంది.
ఏ పేరైనా పరవాలేదు.

డబ్బులెందుకు, మజ్జిగకి? లోపల పెట్టు.
ఆ వెనక చక్రంలో గాలి తక్కువుంది,
చూసుకున్నావా?