రెండు వేళ్ల తేడా

ఇల్లు అరబ్బులది. ఇప్పుడు మనుషులకు కాదు,
మంచాలకు కిరాయి.
హాలును ప్లైవుడ్‌తో మూడు ముక్కలు చేసిన్రు.
మా ముక్కకు వచ్చిన గోడ మీద
ఒక అడవి ఉన్నది.

కాగితం అడవి. ఎనభైల నాటిదేమో.
పసుపు ఆకులు, నల్లటి నేల, నడుమ నీళ్లు.
చెరువన్నడు ఓబులేసు.
చెరువైతే బర్రెలేవిరా అన్న.
మనిషి లేడు, పిట్ట లేదు, ఒడ్డున చెప్పుల జాడ లేదు.
ముహర్రక్ ఉక్కపోతకు అంచులు లేచి
మాడిన దోశ లెక్క ముడుచుకున్నయి.

అర్బాబు ఫోన్‌ల ఒక్కటే మాట:
తెల్ల రంగు కొట్టు, గురువారం మంచాలొస్తయ్.
రెండు డబ్బాల ఎమల్షన్, ఒక రోలరు.
ఇంకేం ఇయ్యడు.

పదహారేండ్లయింది నేను గోడలు పట్టి.
కాగితం మీద రంగేస్తే ఏమైతదో నాకు తెలుసు.
మొదటి రోజు పెండ్లి ఇల్లు లెక్క ఉంటది.
మూడో నెలకు బొబ్బలు లేస్తయి.
అవి లేచే నాటికి పెయింటరు ఇంకో సైట్ల ఉంటడు.
నా దినార్లు సగం అట్లొచ్చినయే,
దాచేదేమున్నది.
కని ఈ గోడ పక్కన పండేది నేనే.
నా బొబ్బలు నేనే చూసుకోవాలె.

లింబాద్రికి బొబ్బలతో పని లేదు.
కోల్డ్ స్టోర్ల రాత్రి డ్యూటీ, పగటి నిద్ర.
"కాగితం ఎనుక నల్లులుంటయన్నా" అన్నడు.
చొక్కా ఎత్తి నడుము చూపెట్టిండు:
పాత రూముల రెండేండ్ల లెక్క
ఎర్ర చుక్కల్ల రాసి ఉన్నది.
"పైనుంచి రంగేస్తే
వాటికి కొత్త ఇల్లు కట్టిచ్చినట్టే."

ఓబులేసు తియ్యొద్దంటడు, రంగూ వద్దంటడు.
"ఉండనీ అప్పా. పొద్దస్తమానం మెస్సులో పొయ్యి కాడ సచ్చేటోన్ని,
ఆ నీళ్లు చూస్తే సల్లగుంటాది."
అంచులు మళ్ల అంటిద్దామన్నడు,
మైదా జిగురు తనే ఉడకబెడతనన్నడు.

నేను స్టూలెక్కిన.
దగ్గరికి పోతే అడవి చుక్కలు చుక్కలైంది.
అప్పుడు చూసిన, నాలుగో ముక్క కాడ
చెట్టు మొద్దు కలుస్తలేదు.
రెండు వేళ్ల తేడా.
పైన ఒక చెట్టు, కింద ఇంకో చెట్టు,
నీళ్లు కూడ ఆడ ఒక మెట్టు దిగి నిలిచినయి.

అంటించినోడు ఎవడో.
కేరళోడో, పఠానో, మన దిక్కోడే కావచ్చు.
చూడకుంట ఉంటడా? చూసే ఉంటడు.
జిగురు పట్టేసి ఉంటది,
కింద కంపెనీ బండి హారన్ కొడుతుంటది,
అల్మారా అక్కడే వస్తది లేరా అని
ఎవడో అని ఉంటడు.
నలభై ఏండ్లు అల్మారా ఎనుక దాగిన తప్పు
ఇయ్యాల నా మొహానికి సూటిగ ఉన్నది.
నేనైనా అంతే చేస్తుంటి.

తీసుడే, అన్న దిగి.
నల్లుల కోసమా, బొబ్బల కోసమా,
ఆ మొద్దు కోసమా, అడిగితే చెప్పలేను.

బకెట్ల గోరువెచ్చటి నీళ్లు, పిడికెడు సబ్బు పొడి.
కింది నుంచి పైకి తడిపిన.
ఇన్నేండ్లకు ఆ చెరువుకు
మొదటిసారి నీళ్లొచ్చినయి.
రంగు ముదిరింది, ఆకులు నిగనిగలాడినయి.
ఓబులేసు పొయ్యి కట్టేసి వచ్చి నిలబడ్డడు.
విమానం ఒకటి ఇంటి మీదంగ దిగింది, కిటికీ అద్దం గజగజ.
ఎవ్వరం మాట్లాడలే.
నానేదాక ఆగాలె గద.

తర్వాత స్క్రేపర్ పెట్టి గుంజిన.
తొక్కలు తొక్కలుగ వచ్చింది, కొంత సున్నంతో సహా వచ్చింది.
నల్లులా? ఉన్నయి.
లింబాద్రి నవ్వలే, గెలిచిననలే,
మందు డబ్బా పట్టుకొచ్చిండు.

ఏసీ పైపు ఎనుక చెయ్యి పట్టదు.
ఆడ జానెడు మిగిలింది:
కొంచెం కొమ్మ, కొంచెం నీళ్లు.

గురువారం మంచాలొచ్చినయి.
ఓబులేసు ఎవర్నీ అడగకుంట
తన మంచం ఆ పైపు దిక్కు జరుపుకున్నడు.
లప్పం ఇంకా ఆరలేదురా,
గోడకు ఆనకు, అన్న.