నిలకడ నీళ్ళు

పాటు అయిపోయింది, పోటు ఇంకా మొదలవలేదు.
ఈ మధ్యలో ఇరవై నిమిషాలు
సముద్రం ఎటు వెళ్ళాలో తేల్చుకోదు.
నా బతుకుతెరువంతా ఆ తేల్చుకోకపోవడంలోనే ఉంది.

లిజార్డ్ కొసకి మైలున్నర దక్షిణాన
పడవ ఆపి, బోయా తాడు పట్టి చూశాను.
వదులుగా ఉంది. వెళ్ళండి, అన్నాను.
ముందు లొవెన్నా, వెనక గెరెన్స్,
మాస్కుల్లో ఉమ్మి రుద్దుకుని, కడుక్కుని
వెనక్కి వాలి పడిపోయారు.

నేను దిగను. పదకొండేళ్ళయింది.
ఒకరోజు తొందరపడి పైకొచ్చాను,
నెత్తుట్లో సోడా బుడగలతో.
ఎడమ తుంటిలో ఆనాటి మేకు ఇంకా ఉంది.
ఇక చాలు పాస్కో, అంది డాక్టరమ్మ.
సముద్రం అంతకుముందే ఆ మాట చెప్పింది గానీ
దాని యాస నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు నా పని బుడగలు కనిపెట్టుకుని ఉండడం.
రెండు చోట్ల నీళ్ళు కుతకుతలాడుతుంటాయి.
ఫ్లాస్కులో టీ చల్లారుతుంది.
కళ్ళు తెరిచే ఉన్నా నాకు కిందంతా కనిపిస్తుంది:

ఆరు మీటర్ల దగ్గర కెల్ప్ అడవి,
చెప్పుల కొట్లో వేలాడే తడి తోలు పట్టీల్లా.
పన్నెండు దాటితే వెలుతురు సారా సీసాలోంచి వచ్చినట్టుంటుంది.
అన్నిటికంటే ముందు ఎరుపు చచ్చిపోతుంది;
వేలు తెగితే నెత్తురు ఆకుపచ్చగా కారుతుంది.
అప్పుడు టార్చి వెయ్యాలి.
వేశావా, నల్లటి రాతిగోడ ఒక్కసారి నోరు విప్పుతుంది:
చిటికెన గోరంత ఎనిమొన్లు, వేలకు వేలు,
వంకాయ రంగు, నారింజ, ఎవరూ పేరు పెట్టని గులాబీ.
పగడాల సముద్రాలకి టిక్కెట్లు కొనేవాళ్ళకి
నేనీ సంగతి చెప్పను.
పదకొండు డిగ్రీల చలి మా గుమ్మంలో కుక్క.

ఇరవై ఎనిమిది దగ్గర ఆగ్నెటా.
రెండు బాయిలర్లు, కొన్ని పక్కటెముకలు.
పింగాణీ సామాను వేసుకుని బ్యూనస్ ఎయిర్స్‌కి బయల్దేరి
మంచులో దారి తప్పి మా రాయి దాకా వచ్చింది.
చర్చి వెనక పద్నాలుగుమంది ఒకే పలక కింద ఉన్నారు.
ఆరుగురికే పేర్లు.

ఇరవై రెండేళ్ళప్పుడు దాని కడుపులో చెయ్యి పెట్టి
నేనొక సూపు పళ్ళెం తెచ్చాను.
నీలం అంచు, వెంట్రుకంత బీట.
నలభై మూడేళ్ళు మా వంటింటి గోడ మీదుంది.
టామ్సిన్ ఇల్లంతా తుడిచేది, దాన్ని ముట్టేది కాదు.
ఎవడో తినకుండా లేచిపోయిన పళ్ళెం, అనేది.
ఫిబ్రవరిలో తనూ వెళ్ళిపోయాక
బల్ల దగ్గర ఒక్కణ్ణే కూచుంటే
అది నా నోటివంకే చూసేది.

ఈ పొద్దున పాత స్వెట్టర్లో చుట్టి
లొవెన్నా సంచిలో పెట్టాను.
రెండో బాయిలర్ వెనక, ఇనప రేకు కింద, ఎడమ పక్క.
ఎందుకని అడగలేదు. లెక్కల టీచరు;
జవాబు తెలిసిన ప్రశ్నలు బళ్ళోనే అడుగుతుంది.

పద్నాలుగో నిమిషం. తాడు చేతిలో చిన్నగా కదిలింది.
పదిహేడు. పోటు ఎటో తేల్చుకుంది.
బుడగలు తాడు దగ్గరికొచ్చి నిలిచాయి.
ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి.
నేను ఆగనిది ఆ మూడు నిమిషాలే.

వాళ్ళు ఆగారు.

నిచ్చెనెక్కి, ముక్కు చీదుకుని, లొవెన్నా అంది:
"నువ్వు చెప్పిన చోట కాంగర్ కాపరం పెట్టింది పాస్కో,
నా తొడంత ఉంది. ససేమిరా జరగనంది.
దాని వాకిట్లోనే పెట్టొచ్చాను. బోర్లించలేదు.
చెయ్యి తీసేలోపు పీత ఒకటి ఎక్కి కూచుంది."

గెరెన్స్ పళ్ళు టకటకలాడుతుంటే నవ్వాడు.
నేను చల్లారిన టీయే వాళ్ళిద్దరికీ పోసి
ఇంజన్ తిప్పాను.

ఇంటికెళ్తే గోడ మీద
పళ్ళెమంత తెల్లటి గుండ్రం ఉంటుంది.
రంగు వెయ్యను.
మేకు కూడా పీకను.
టోపీ తగిలించుకుంటాను.